అంబాసిడర్ హోరు గురించి మేనల్లుడికి

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. పాత మార్క్ 3 అంబాసిడర్ కొన్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. రోడ్డు మోతకి పక్కన కూర్చున్నవాళ్ల మాట కూడా వినపడట్లేదని, కారంతా డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు అదురు తగ్గించే అతుకుడు షీట్లు, అతికించేస్తానని అన్నావట. కొంచెం ఆగు.

మీ తాతయ్య జీపుకి చాసిస్, అంటే కింది ఇనుప చట్రం వేరు, బాడీ వేరు. అంబాసిడర్‌కి విడిగా చాసిస్ లేదు. దాని మూలం 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఫ్లోరు, పిల్లర్లు, టాపు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకటే రేకుపెట్టె. కమాన్లు, అంటే పట్టీ స్ప్రింగులు, ఆ పెట్టెకే బిగించి ఉంటాయి కాబట్టి చక్రం కంకర మీద పడిన ప్రతిసారీ ఫ్లోరు డప్పులా మోగుతుంది. ఈ తలనొప్పి అప్పట్లో పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. జాగ్వార్ 1955లో ఇలా విడి చాసిస్ లేని తన మొదటి యూనిబాడీ కారు తెచ్చినప్పుడు ముందు సస్పెన్షన్‌ని ఒక సబ్‌ఫ్రేముకి, అంటే విడి చిన్న చట్రానికి బిగించి, దాన్ని రబ్బరు మీద కూర్చోబెట్టింది. 1959లో వచ్చిన మినీకి సబ్‌ఫ్రేములున్నా నేరుగా బాడీకే బోల్టులేశారు. వాటి మధ్యకి రబ్బరు రావడానికి 1976 దాకా పట్టింది. నీ కారులో ఆ రబ్బరు పని చేయాల్సింది ఇనుప భాగాల మధ్య కూర్చునే చిన్న చిన్న రబ్బరు బుష్‌లే.

ముందు ఖాళీ రోడ్డు మీద అరవైలో వెళ్తూ న్యూట్రల్ చెయ్యి. ఇంజను మాత్రం ఆపకు. అప్పుడు మిగిలే మోతే రోడ్డుది. తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డెక్కినా ఆ గొంతు మారలేదంటే బేరింగులు చూపించు. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూసుకో. 2314 అంటే 2014లో 23వ వారం. అంత పాతబడి రాయిలా బిగుసుకుపోయిన టైర్లు పెట్టుకుని మిగతా ఏం చేసినా దండగే.

ఇక బుష్‌లు. వెనక కమాన్ల చివర్లలో, వాటిని బాడీకి కలిపే షాకిళ్లలో రబ్బరు చితికిపోయి ఉంటే ఇనుము ఇనుముకే తగులుతుంది. కొత్తవి వేయించేటప్పుడు పక్కనే నిలబడు. కారు జాకీ మీద ఉండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తారు చాలామంది. కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది, తొందరగా చిరుగుతుంది. చక్రాలు నేలకి ఆని, బరువంతా కమాన్ల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. గ్రీజు రాయనివ్వకు, రబ్బరు ఉబ్బుతుంది. ఎక్కువ కాలం వస్తాయని పాలియురేథేన్ బుష్‌లు అంటగట్టబోతారు. గట్టిగా ఉంటాయి కాబట్టి మోతని ఇంకా బాగా లోపలికి పంపుతాయి, మనకొద్దు.

తర్వాత చిల్లులు. రాత్రిపూట కారు లోపల టార్చి వెలిగించి, కింద నుంచీ బానెట్ ఎత్తీ చూడు. పెడల్స్ దగ్గర, వైర్లు వచ్చేచోట వెలుతురు కనిపిస్తే అక్కడ కంతని మూసే రబ్బరు రింగు, అదే గ్రోమెట్, పోయినట్టే. వెలుతురు దూరే కంతలోంచి శబ్దం కూడా దూరుతుంది.

ఇవన్నీ అయ్యాకే షీట్లు. మ్యాట్లు తీసి ఫ్లోరుని వేలి కణుపుతో కొట్టు. 'టంగ్' అని సాగితే ఆ రేకు మధ్యలో ఒక ముక్క అతికించు. 'టక్' అని ఆగిపోతే అక్కడ అక్కర్లేదు. రేకంతా మూసేస్తే డబ్బూ బరువూ తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు. పైన జనపనార ఫెల్ట్, దాని మీద బరువైన రబ్బరు మ్యాట్ ఊరికే పరిచెయ్యి. అతికించకు.

ఒక్కటి మాత్రం మర్చిపోకు, నీళ్లు పోయే కంతలు మూయొద్దు. ఓసారి నేనే తెలివి ఎక్కువై ఒకాయన కారుకి తలుపుల కింద బోలు భాగాల్లో ఫోమ్ నింపాను. మోత తగ్గిందని ఆయన మెచ్చుకుని స్వీట్లు కూడా పంపించాడు. రెండు వానాకాలాలు గడిచాక జాకీ పెడితే రేకు లోపలికి కుంగిపోయింది. ఫోమ్ నీళ్లు పట్టి ఉంచడంతో తుప్పు లోపల్నుంచి తినేసింది. చాసిస్ లేని కారుకి బలమంతా ఆ రేకులోనే కదా! వెల్డింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

బుష్‌లు మార్చాక ఓ వారం తిరిగి చూడు, సగం షీట్లు కొనక్కర్లేదని నీకే అనిపించొచ్చు. సంక్రాంతికి ఆ కారులోనే రా. అక్కని వెనక సీట్లో, కమాన్ల మీదుగా కూర్చోబెట్టు. ఇంకా ఎక్కడ మోగుతోందో దారి పొడుగునా తనే చెబుతుంది.

ఇట్లు,
మామయ్య