గానుగలో పోయిన చెయ్యి, వీడియోలో చూసిన చెయ్యి

ప్రశ్న: అన్నా, మాది ఐరాల దగ్గర పల్లె. సంక్రాంతికి ముందు గానుగలో చెరుకు తోస్తా ఉంటే మా తమ్ముడి కుడిచెయ్యి ఇరుక్కుంది, మోచేతి కింద జానెడు మిగిల్చి తక్కినది తీసేసినారు. వాడికి 24. ఫోన్లో రోబో చేతులు చూసి, మనసులో అనుకుంటే చాలు వేళ్ళు ఆడతాయంటక్కా అంటాడు. రెండు ఆవులమ్మితే తేగలమా? లేని బొటనవేలు గుంజుతోందని రాత్రిళ్ళు ఏడుస్తాడు కూడా, దానికేం చేయాలో తెలీడం లేదు.

జవాబు: చెల్లెమ్మా, ఆవుల్ని కొట్టంలో అట్లే ఉండనీ.

ఆ వీడియోలు అబద్ధం కాదు గానీ ఆ చెయ్యి చదివేది మనసును కాదు, కండను. నీ కుడి ముంజేతి లోపలివైపు కండ మీద ఎడమచేతి వేళ్ళు పెట్టి మణికట్టు లోపలికి వంచి చూడు, గట్టిపడుతుంది, వెనక్కి విరిస్తే పైవైపు కండ లేస్తుంది. ఇప్పుడు ఇదే తమ్ముడి మొండిచేతి మీద చెయ్యి. కళ్ళు మూసుకుని లేని చెయ్యిని మడవమను. చర్మం కింద చేపపిల్ల కదిలినట్టు తగిలిందా, సంతోషం. ఆ బిగుసుకోవడంలో పుట్టే కరెంటు వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండదు చాలాసార్లు, సాకెట్, అంటే మొండికి తొడిగే గిన్నె లాంటి తొడుగు, దాని లోపల చర్మానికి ఆనుకున్న ఎలక్ట్రోడ్లు అనే లోహపు బిళ్ళలు ఆ కరెంటునే పట్టి పెంచి మోటారుకి పంపిస్తాయి. లోపలి కండ బిగిస్తే పిడికిలి మూసుకుంటుంది, పైకండకి తెరుచుకుంటుంది, రెండూ ఒక్కసారే బిగిస్తే గేరు మారినట్టు మణికట్టు తిప్పడానికి పోతుంది. 2007లో ఐ-లింబ్ అనే కృత్రిమ చెయ్యి వచ్చినప్పటి నుంచి వేలికో మోటారున్న చేతులు అమ్ముతున్నారు, కానీ మోటార్లు ఎన్నున్నా ఆడించే కండలు చాలామందికి ఈ రెండే. ఎక్కువ ఎలక్ట్రోడ్లు పెట్టి ఏ కదలికకి ఏ సిగ్నల్ వస్తుందో కంప్యూటర్‌కి నేర్పించే పద్ధతి కూడా వచ్చింది, బాగుంటుంది, కాకపోతే చెయ్యి పైకెత్తితే సిగ్నల్ ఒకరకం, దించితే ఇంకోరకం, చెమట పడితే చెప్పక్కర్లేదు.

చెమటంటే గుర్తొచ్చింది, కొత్తలో నేనే ఒకబ్బాయికి ఇట్లాంటి చెయ్యి పెట్టినా, శీతాకాలంలో కొలతలు తీసి. ఇంట్లో అందరూ చప్పట్లు. మే నెల తిరుపతి ఎండకి సాకెట్ లోపల చెమట కారి, మొండి కూడా కొంచెం సన్నబడి ఉంది, ఎలక్ట్రోడ్ జారి మజ్జిగ గ్లాసు పట్టుకున్న చెయ్యి దానంతటదే తెరుచుకుంది, పెళ్ళివారి ముందు చొక్కా నిండా మజ్జిగ! మళ్ళీ తొడగలేదు వాడు, బీరువా పైన పెట్టేసినాడు. తప్పు నాదే, మొండి కుదురుకునే దాకా ఆగకుండా సాకెట్ చేసినా. అందుకే వేళ్ళెన్ని ఆడతాయని అడక్కండి, సాకెట్ ఎవరు చేస్తారు, వదులైతే మళ్ళీ చేసిస్తారా అని అడగండి. చెయ్యి అర్ధకిలో అటూఇటూ ఉంటుంది, ఎముకకి కాదు కదా చర్మానికి వేలాడుతుంది, సాయంత్రానికి భుజం లాగేస్తుంది. పట్టుకున్నది తెలియదు కూడా, కన్ను అక్కడే ఉండాల.

ఇంకోటి, వాడు మళ్ళీ పాలు పితకాలి, పార పట్టాలి అంటే బెల్లం పెనం ఆవిరికీ బురదకీ ఆ బ్యాటరీ చెయ్యి పనికిరాదు. భుజానికి పట్టీ, ఒక తీగ, చివర కొక్కెం ఉండేది 1912 నాటి డిజైనే, చూడ్డానికి బాగుండదు, నిజమే, కానీ తీగ బిగుతు భుజానికి తెలుస్తుంది కాబట్టి ఎంత గట్టిగా పట్టినామో అర్థమవుతుంది. నన్నడిగితే ముందు అదే. సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఉందని సర్కారిచ్చే కాగితం, తీసుకుని తిరుపతిలో స్విమ్స్ పక్కన టీటీడీ వాళ్ళ బర్డ్ ఆస్పత్రిలో చూపించండి.

బొటనవేలు నొప్పి పిచ్చి కాదమ్మా. చెయ్యి పోయినా మెదడులో దాని చోటు పోలేదు. 1990ల్లో వి.ఎస్. రామచంద్రన్ అని మన మద్రాసులో చదివిన డాక్టరే, అద్దంతో ఒక ఉపాయం చెప్పినాడు: అద్దాన్ని ఛాతీ ముందు నిలువుగా పెట్టి మొండిచేతిని అద్దం వెనక దాచి, ఎడమచేతిని అద్దంలో చూసుకుంటూ రెండు చేతులూ విప్పుతున్నట్టు అనుకోవాలి. రోజుకి పదిహేను నిమిషాలు చేయించు. అందరికీ తగ్గదు, తగ్గకపోతే డాక్టరు మందులున్నాయి.

ప్రశ్న: మామయ్యకి షుగర్‌తో మోకాలి పైన కాలు తీసేసినారు. కంప్యూటర్ మోకాలు పెట్టిస్తే అలిపిరి మెట్లెక్కగలడా సార్? మొక్కుంది.

జవాబు: 1997లో వచ్చిన సీ-లెగ్ లాంటి కంప్యూటర్ మోకాలు బ్రేకు వేస్తుందే గానీ ఎత్తదు. దిగేటప్పుడు మడత పడిపోకుండా కాస్తుంది, ఎక్కేటప్పుడు బలమంతా మంచికాలిదే, మోటారుతో ఎత్తేవి వేరే ఉన్నాయి, అవి మనకి అందే ధర కాదు. నడవడానికైతే ఐఐటీ మద్రాస్ వాళ్ళు 2022లో తెచ్చిన కదమ్ మోకాలు కూడా అడిగి చూడండి. ఇక 3550 మెట్లు, అందులో మోకాళ్ళ పర్వతం, షుగర్ ఉన్న మనిషి మిగిలిన ఒక్క పాదం మీద అంత బరువు వేస్తే అది పుండు పడుతుంది. రోజూ రాత్రి ఆ అరికాలు మీరే తిప్పి చూడండి. మొక్కు సంగతా, పాదాల మండపం దగ్గర టెంకాయ కొట్టించి బస్సెక్కించండి.