ఎలాస్టిక్ దారం వదులైతే...

ప్రశ్న: పూసల పని కొత్తగా మొదలుపెట్టాను. ఎలాస్టిక్ దారంతో గుచ్చిన బ్రేస్‌లెట్ వారానికే వదులై పూసల మధ్య దారం కనబడుతోంది. ముడీ ఊడింది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: గుచ్చేముందు దారాన్ని సాగదీసి ఉండరు. నాలుగైదుసార్లు గట్టిగా లాగి వదలండి, సాగాల్సింది ముందే సాగిపోతుంది. 8 మి.మీ. పూసలకు 0.8 మి.మీ. దారం చాలు. మణికట్టు 6 అంగుళాలైతే అరంగుళం కలుపుకుని 21 పూసలు పడతాయి. దారం మాత్రం 12 అంగుళాలు కత్తిరించండి, ముడేసేటప్పుడు వేళ్లకు అందాలిగా!

మామూలు ముడి ఎలాస్టిక్ మీద జారుతుంది. మొదటి మెలిక రెండుసార్లు తిప్పి బిగించండి. దానిమీద ఎదురుదిశలో ఇంకో ముడి వేసి, నగలకు వాడే జిగురు ఒక్క చుక్క పెట్టండి. సూపర్ గ్లూ వద్దు, దారం పెళుసెక్కి విరుగుతుంది. ఆరాక ముడిని పక్క పూస రంధ్రంలోకి లాగేయండి.

అయినా తెగితే పూసనే అనుమానించాలి. గాజుపూస రంధ్రం అంచు పదునుగా ఉంటే దారాన్ని కోసేస్తుంది. బీసెంట్ రోడ్డులో కొనేటప్పుడే రెండు మూడు పూసల్లో దారం ఎక్కించి ముందుకూ వెనక్కూ లాగి చూడండి.

11 నంబరు సన్నపూసల జోలికి ఇప్పుడే వెళ్లకండి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, అవి సుమారు 2 మి.మీ.లే. ముందు 6 నంబరుతో చెయ్యి తిరగనివ్వండి.