ఉప్పు కరిగిందా, ద్రవీభవించిందా?

సందేహం: పరీక్షలో ఒక కుర్రాడు ‘ఉప్పు నీళ్ళలో ద్రవీభవించింది’ అని రాశాడండి. తప్పు పెడితే, ఐస్ కరగడం ద్రవీభవనం అని మీరే చెప్పారు, ఉప్పు కూడా కరిగింది కదా అంటున్నాడు. మనకి రెండు మాటలు లేవా? పైగా కరగడమా, కరుగడమా?
– సైన్స్ మాస్టారు, విజయనగరం జిల్లా

సమాధానం: మాస్టారూ, వాడు రాసింది తప్పే గానీ లాజిక్ మాత్రం బాగుంది. ద్రవీభవనం అంటే ద్రవం కానిది ద్రవం అవడం. ఐస్ వేడి ఒక్కటే తీసుకుని నీళ్ళయిపోతుంది, సున్నా డిగ్రీల దగ్గర గ్రాముకి 80 కేలరీలు తాగేస్తుంది, అయినా మొత్తం కరిగేదాకా థర్మామీటర్ కదలదు, ఆ వేడంతా అణువుల పట్టు సడలించడానికే పోతుంది. ఉప్పు అలా ద్రవం కావాలంటే 801 డిగ్రీలు కావాలి. గ్లాసుడు చన్నీళ్ళలో అయ్యే పనేటి అది? అక్కడ నీళ్ళే ఉప్పుని విడదీసి తమలో కలిపేసుకున్నాయి.

తెలుగులో ఈ తేడా లేదా అంటే ఉంది, క్రియలో కాదు, దాని ముందున్న విభక్తిలో. ఎండకి ఐస్ కరిగింది, సెగకి వెన్న కరిగింది అంటాం, ఉప్పయితే నీళ్ళలో కరిగింది అంటాం. మరి మూసలో కంచు కరిగింది అంటారు కదా అంటారేమో, ఆ ‘లో’ ఉత్త చోటు, కంచు పోయి మూసలో కలిసిపోదు. అసలు కంచు దగ్గరే ఈ రెండు కరగడాలూ కలిసి కనిపిస్తాయి, మన శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే కంచు సామాన్లు చూసేవాళ్ళకి తెలుసు, కంచంటే రాగీ తగరమూ, 1085 డిగ్రీలు దాటి కరిగి ఉన్న రాగిలో తగరం ముక్క పడేస్తే, అది 232కే కరిగే సరుకు కాబట్టి పడీ పడగానే సెగకి కరుగుతుంది, కరిగి రాగిలో కరుగుతుంది. ఒకే క్రియ రెండుసార్లు వచ్చినా ఎవరికీ తికమక లేదు చూడండి.

ఇక రెండోది, కరగడమే రాయండి. కరుగు, కరిగి, కరగడం: పెరుగు, పెరిగి, పెరగడం లాగే, పక్క అచ్చుని బట్టి నడిమి అచ్చు మారుతుంది.

అన్నట్టు వానాకాలంలో డబ్బాలో బెల్లం సెగా తగలకుండా, మనం నీళ్ళూ పొయ్యకుండా, గాలిలో చెమ్మ పీల్చుకుని అందులోనే కరుగుతుంది. మా అమ్మ మాత్రం దాన్ని కరిగిందని ఎప్పుడూ అనలేదు, ‘బెల్లం నీరు కారిపోనాది’ అనేది.