కరెంటు లేని వేళ ఏ పవర్ స్టేషన్ మేలు?

ప్రశ్న: మా ఇంట్లో కరెంటు తరచుగా పోతోంది. వైఫై రౌటర్, లాప్‌టాప్, టేబుల్ ఫ్యాన్ నడపడానికి, అమ్మకు నెబ్యులైజర్ పెట్టడానికి చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ (ప్లగ్గులు పెట్టుకునే వీలున్న బ్యాటరీ పెట్టె) కొనాలనుకుంటున్నాను. నేను చూసిన రెండింటిలో ఒకదానిపై 80,000 మిల్లీ ఆంపియర్ అవర్లు, లిథియం అయాన్ అనీ, రెండోదానిపై 256 వాట్ అవర్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనీ రాసి ఉంది. రెండూ 300 వాట్లవే. మొదటిది తేలిక. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ అవసరానికి రెండోదే తగినది. 80,000 అన్న అంకె చూడగానే మొదటిదే ఎన్నో రెట్లు పెద్దదనిపిస్తుంది. కానీ అది లోపలి సెల్ వోల్టేజి దగ్గర కట్టిన లెక్క. ఆ రకం సెల్‌కు సాధారణంగా ఉండే 3.7 వోల్టులతో గుణించి, వెయ్యితో భాగిస్తే అది 296 వాట్ అవర్లే (అంటే నిలవ ఉండే మొత్తం విద్యుత్తు) అవుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వోల్టేజి 3.2 కనుక మిల్లీ ఆంపియర్ అవర్లలో ఈ రెండింటినీ పోల్చడమే కుదరదు. ఏది కొన్నా వాట్ అవర్లు ఎన్నో అడగండి.

మిగిలిన 40 వాట్ అవర్ల తేడా కన్నా మన్నిక ముఖ్యం. మామూలు లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 500 నుంచి 800 ఛార్జింగ్‌లలో 80 శాతానికి తగ్గితే, ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు తయారీదారులు 3,000 దాకా చెబుతారు. పైగా వేడికి అవి అంత తొందరగా అదుపు తప్పవు. రోజూ వాడే ఇంట్లో కాస్త బరువు ఎక్కువైనా అదే మేలు. ప్రయాణాలకని మొదటిదాని వైపు మొగ్గకండి, 160 వాట్ అవర్లు దాటినవాటిని విమానంలో ప్రయాణికుల సామానుతో అనుమతించరు.

రౌటర్‌ను ఏసీ ప్లగ్గుకు పెట్టకండి. నేను మీటరు పెట్టి చూస్తే నా రౌటర్ 9 వాట్లు తీసుకుంటోంది, దానికోసం మెలకువగా ఉన్న ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును ఏసీగా మార్చే లోపలి భాగం) తాను మరో 9 వాట్లు తింటోంది. ఆ లెక్కన 256 వాట్ అవర్లు సుమారు 14 గంటలకు మించి రావు. మీ రౌటర్ 12 వోల్టులదైతే, సరిపోయే కేబుల్‌తో నేరుగా డీసీ పోర్టుకు కలిపితే దాదాపు రెట్టింపు సమయం నడుస్తుంది. లాప్‌టాప్‌కూ వీలుంటే టైప్ సీ పోర్టే వాడండి.

ఫ్యాన్, నెబ్యులైజర్ మోటారుతో నడిచేవి కనుక వాటికి ప్యూర్ సైన్ వేవ్ అవుట్‌పుట్ (ఇంటి కరెంటులాగే నునుపైన తరంగంగా వచ్చే ఏసీ) తప్పనిసరి. అది లేకపోతే మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, సర్జ్ సామర్థ్యం (ఆ క్షణానికి ఇవ్వగల గరిష్ఠ వాట్లు) ఎంతో కూడా చూడండి. కొన్న మొదటి రోజే, కరెంటు ఉండగానే, నెబ్యులైజర్‌ను దానిపై పది నిమిషాలు నడిపి చూడడం మరువకండి. అది 150 వాట్లదైతే ఒక విడతకు, నష్టాలతో కలిపి, 30 వాట్ అవర్లు పోతాయి. రెండు విడతలకు సరిపడా మిగలాలంటే, తెరపై 25 శాతం కనబడగానే ఫ్యాన్ ఆపేయండి.