గోడ అవతలి మాటకు ఇవతలి నుంచే జవాబు రావాలి

అమలాపురం దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు. గోదావరి పాయ వైనతేయకు అవతల, రాజోలు వైపు, ఆ వృద్ధులిద్దరే ఉంటున్నారు. తండ్రికి 81 ఏళ్ళు. తల్లికి మోకాళ్ళు పట్టేసి గుమ్మం దిగడమే కష్టమైంది. అత్తవారింటి పెరట్లో ఖాళీగా పడి ఉన్న కొబ్బరికాయల కొట్టును రెండు గదులుగా మార్పించి వారిని తెచ్చుకోవాలని ఈమె సంకల్పం. గోడ అవతల ఉంటున్న బావగారు, అంటే భర్తకు పెదనాన్న కొడుకు, ససేమిరా అంటున్నారు. మరుగుదొడ్డి గుంత తమ బోరుకు దగ్గరవుతుందని, చూరు నీరు తమ దొడ్లో పడుతుందని, అన్నిటికీ మించి తాతల నాటి స్థలంలోకి ఆడపెళ్ళివారిని తెచ్చి పెట్టడం ఏమిటని ఆయన అభ్యంతరం. ఆయన నోరు మూయించడానికి ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో చెప్పమని ఈమె అడుగుతున్నారు.

అమ్మా, ఎక్కడా ఫిర్యాదు చెయ్యవద్దు. ప్లాను గీయించి పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టండి. అనుమతి ఇచ్చేది పంచాయతీయే గాని పక్కింటివారు కాదు. అయితే బావగారు చెప్పిన మొదటి రెండు మాటలూ న్యాయమైనవే. మన డెల్టాలో వానాకాలం కాస్త తవ్వితే చాలు నీరు ఊరుతుంది కనుక, గుంతలోని మురుగు బోరులోకి చేరుతుందన్న ఆయన భయం వట్టిది కాదు. కనీసం 10 మీటర్ల దూరం ఉండేలా గుంతను మీ దొడ్డి రెండో వైపుకు మార్చండి. చూరు వెంబడి రేకు కాలువ కట్టించి వాననీటిని మీ స్థలంలోకే దింపుకోండి. నేల ఎత్తు చేయించండి. గుమ్మానికి మెట్లు వద్దు, అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున ఏటవాలు బాట పోయించండి. తలుపు వెడల్పు 3 అడుగులకు తగ్గకూడదు. కమోడు పక్కన గోడకు గట్టి కడ్డీ ఉండాలి. కట్టుబడి సంగతి ఇంతే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు వేరు. మీ నాన్నగారు కొట్టు చూడటానికి వచ్చి, తన నవారు మంచం లోపలికి పడుతుందో లేదోనని చేతికర్రను గుమ్మానికి అడ్డంగా పెట్టి కొలుస్తుండగా గోడ మీది నుంచి ఆ మూడో మాట వినిపించిందని రాశారు. ఆయన కర్ర దించేసి, మీరు కలిపిన కాఫీ కూడా ముట్టకుండా, బస్సుకు వేళయిందమ్మా అని వెళ్ళిపోయారు. ఆ సమయంలో మీ వారు అరుగు మీదనే ఉన్నారు, ఫోను చూసుకుంటున్నారు. బావగారి గురించి మూడు పేజీలు రాసిన మీరు, ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటేశారు.

నాకు కనిపించిన సమస్య ఆ ఒక్క వాక్యమే. బావగారు ఆ మాట అనగలిగింది అది విని మీ వారు ఊరుకుంటారన్న ధీమాతోనే. పాలివారితో తెగతెంపులు చేసుకోవడం తేలిక కాదని నాకూ తెలుసు. రేపు ఇంట్లో మైల వచ్చినా, శుభకార్యం వచ్చినా ముందు నిలబడవలసింది వాళ్ళే. మీ వారి భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఆయన తల్లి నాలుగేళ్ళు మంచాన ఉన్నప్పుడు పక్కబట్టలు మార్చింది మీరే గదా! ఆ రోజుల్లో ఈ పాలివారిలో ఎవరు వచ్చి ఒక పూట కూర్చున్నారు? ఈ ప్రశ్న మీరు బావగారిని అడగకూడదు. ఏకాంతంగా, గొంతు పెంచకుండా, మీ వారినే అడగాలి. ఇంత సేవ చేశాను కనుక అనుమతించండి అన్న ధోరణిలో మాత్రం వద్దు. కన్నవారిని చూసుకోవడం మీరు బతిమాలి సంపాదించుకోవలసిన వరం కాదు. వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా పిల్లలు అన్నప్పుడు కొడుకును, కూతురును కలిపే చెప్పింది.

ఇంకొక విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. ఖర్చుల కోసం నాన్నగారి అరెకరం కొబ్బరితోట అమ్మించాలనుకుంటున్నారు. 1996 నవంబరు తుపానుకు చెట్లన్నీ నేలకూలితే మళ్ళీ మొక్కలు నాటి, అవి కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి ఆయన అని మీరే రాశారు. అల్లుడి పేర ఉన్న స్థలంలో ఆ డబ్బంతా గోడలుగా మారిపోతే, రేపు ఏ మాట వచ్చినా ఆయన దేన్ని చూసుకుని నిలబడతారు? తోట ఆయన పేరునే ఉండనివ్వండి. కౌలుకిచ్చినా, దింపు తీయించినా వచ్చే డబ్బు ఆయన చేతికే అందాలి. మందులు దానితో కొనుక్కున్న రోజున మీ ఇంటి అన్నం ఆయనకు గొంతు దిగుతుంది. గదులకు మీరూ మీ వారూ అప్పు చెయ్యండి, లేదా ఈ ఏడాదికి ఒక్క గదితో సరిపెట్టండి. ఎప్పుడైనా ఆ తోటను మీకు రాసిచ్చే పరిస్థితి వస్తే, తమను చూసుకోవాలన్న షరతును పత్రంలో స్పష్టంగా రాయించమని నాన్నగారికి మీరే చెప్పండి. ఆ షరతు తప్పితే పత్రాన్ని రద్దు చేయించుకునే వీలు అదే చట్టంలోని 23వ సెక్షను ఇచ్చింది. కూతురి నోట ఆ మాట వింటే ఆయనకు సగం దిగులు తీరుతుంది.

తాపీ మేస్త్రీకి ఇప్పుడే బయానా ఇవ్వకండి. ముందు మీ వారు గోడ దగ్గరికి వెళ్ళి, గుంత మారుస్తున్నామని, చూరు నీరు ఇటు పడదని, మా అత్తమామలు వస్తున్నారని బావగారికి తానే చెప్పాలి. ఆ తర్వాత మీరిద్దరూ కలిసి రాజోలు వైపు బస్సెక్కండి. ఆ రోజు కర్రతో కొలత సగంలో ఆగిపోయింది గదా. "మావయ్యగారూ, మంచం ఏ గోడవారగా వేయమంటారు?" అని మీ వారే నాన్నగారిని అడగాలి.