రాజమండ్రి ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు

కాకినాడ

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దానవాయిపేట ఇల్లు అమ్మేస్తున్నావని మీ చిన్న మావయ్య చెప్పాడు. వచ్చే నెల బెంగళూరు నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి, బేరం కుదుర్చుకుని, రిజిస్ట్రేషన్ కూడా చేయించేసి వెళ్లిపోతానన్నావట. అమ్మా నాన్నా పోయాక అంత భారమూ నువ్వొక్కదానివే ఎత్తుకుంటున్నావంటే మా చెల్లెలి పెంపకం గుర్తొచ్చి గుండె నిండిపోయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. రెండేళ్ల పైగా తాళం వేసి ఉన్న ఇల్లమ్మా అది. తొందరలో ఉన్నావని తెలిస్తే చాలు, నీ తొందరకే ధర కడతారు బ్రోకర్లు.

మీ పెదనాన్న ఇళ్లు కట్టి అమ్మినన్నాళ్లూ కట్టడం ఆయన వంతు, చూపించడం నా వంతు. కొనడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఏం చూస్తారో, వంటింట్లో ఎక్కడ ఆగుతారో, బయటికొచ్చాక మొగుడూ పెళ్లాం ఒకళ్ల మొహం ఒకళ్లు ఎలా చూసుకుంటారో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. అటక మీద సామానంతా దింపించి, అక్కర్లేనిది పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యి. కారే కుళాయిలు మార్పించు, గేటుకి నూనె పెట్టించు, ప్రతి గదిలో మంచి బల్బు వేయించు, గోడలకి లేత రంగు వేయించు. ఇవి నీకు తెలియనివి కావు.

తాళం వేసిన ఇంటికి ఒక జబ్బుంది, అది చాలామందికి తెలీదు. తలుపు తియ్యగానే వాసన కొడుతుంది. గోడల్లోంచి అనుకుంటారు గానీ, వచ్చేది బాత్రూముల్లోంచి. నీళ్లు పోయే రంధ్రం కింద వంపులో ఎప్పుడూ కాస్త నీళ్లు నిలబడి ఉంటాయి, మురుగు కంపు పైకి రాకుండా ఆపేవి అవే. వాడకపోతే అవి ఎండిపోతాయి. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి, రెండు మూడు రోజులకోసారి ప్రతి రంధ్రంలో ఒక చెంబుడు నీళ్లు పొయ్యమని చెప్పు. కిటికీలు పొద్దున్నే తీసి సాయంత్రం వెయ్యమను. అగరొత్తులు మాత్రం గుప్పున వెలిగించొద్దు. ఇంట్లో అడుగు పెట్టగానే ఊపిరాడనంత సువాసన వస్తే, దేన్నో కప్పుతున్నారనే అనుకుంటారు ఆడవాళ్లు. ఎవరైనా వచ్చే ముందు మోటారు వేసి ట్యాంకు నింపించి, కుళాయిలన్నీ ఒకసారి వదిలి పెట్టు. మొదట వచ్చే ఎర్రనీళ్లు వాళ్ల కళ్ల ముందు రాకూడదు.

ఇక అసలు విషయం. పెరటి వైపు గదికీ బాత్రూముకీ మధ్య గోడ. మీ అమ్మ ఉన్నప్పుడే అక్కడ చెమ్మ ఎక్కేది, మంచం గోడకి దూరంగా జరిపి వేసుకునేది. నువ్వు మావయ్యతో "పుట్టీ పెట్టించి రంగు వేయించేస్తాను, సరిపోతుంది" అన్నావట. ఆ మాట వినే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మీ పెదనాన్న తమ్ముడికి ఇక్కడ రామారావుపేటలో ఇల్లుండేది, నీకు గుర్తుండకపోవచ్చు. పిల్ల పెళ్లికి డబ్బు కావలసొచ్చి అమ్మకానికి పెట్టాడు. కాకినాడ సంగతి తెలుసుగా, సముద్రపు గాలి, ఉప్పు నేల. ఓ గదిలో గోడ అడుగున ఉప్పు పేలి పెచ్చులు ఊడుతుండేది. వెనకాల బాత్రూములో పైపు ఎక్కడో కారుతోంది. పైపు జోలికి పోతే పలకలు పగలగొట్టాలి, పది రోజులు పడుతుంది అని, పైపైన గీకించి, డిస్టెంపర్ వేయించి, దాని ముందు ఇనప బీరువా పెట్టించాడు. మీ పెదనాన్న వద్దురా అన్నారు. వినలేదు.

వచ్చినవాళ్లు టీచర్లు, మొగుడూ పెళ్లామూ. మంచి మనుషులు. ఇల్లు నచ్చింది, బయానా కూడా ఇచ్చారు. అగ్రిమెంటు రాసుకునే ముందు ఇంకోసారి చూస్తామని వచ్చారు. ఆవిడ ఏమీ అడగలేదు, నేరుగా ఆ గదిలోకి వెళ్లింది. బీరువా కాళ్ల దగ్గర వంగి చూసింది. కాళ్లు తుప్పు పట్టి, కింద గచ్చు మీద తుప్పు మరక గుండ్రంగా పడి ఉంది. బీరువా వెనకాల సందులోకి చెయ్యి పోనిచ్చి అరచేయి గోడకి ఆనించింది. తీసి చూసుకుంటే వేళ్లకి తెల్లటి పొడి, దాంతో పాటు కొత్త రంగు పొర. ఆ చెయ్యి కొంగుకి తుడుచుకోలేదు, అలాగే పట్టుకుని వెళ్లి ఆయనకి చూపించింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మర్నాడు బయానా వెనక్కి అడిగారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కాకినాడ ఎంత పెద్దదైనా ఒక పేటలో ఇల్లు కొనేవాళ్లు ఒకళ్లకొకళ్లు తెలుస్తారు. తర్వాత వచ్చిన ప్రతివాడూ హాల్లో కూర్చోకుండా ఆ గదిలోకే నడిచాడు. గోడ చూసి, "ఇది చెప్పలేదంటే ఇంకేం దాచారో" అని పునాది అడిగారు, కాగితాలు అనుమానించారు. కాగితాల్లో ఏ దోషమూ లేదు తల్లీ. చివరికి పైపు మార్పించి గోడ బాగు చేయించాడు, అదేమంత పెద్ద ఖర్చు కాలేదు. కానీ అప్పటికి పెళ్లి ముంచుకొచ్చింది. స్థలం విలువ మాత్రం కట్టి తీసుకున్నాడు ఒకాయన. ఇంటికి పైసా కట్టలేదు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. ప్లంబరుని పిలిచి ముందు పైపూ, పలకల సందులూ చూపించు. కారేది ఆగాక, తడి ఎంత ఎత్తు వరకు ఎక్కిందో దానికి ఓ అడుగు పైదాకా ప్లాస్టరింగు ఇటుక వరకు కొట్టించెయ్యి. నీరు పట్టని మందు కలిపిన సిమెంటుతో మళ్లీ చేయించి, క్యూరింగు (సిమెంటు గట్టిపడేదాకా నీళ్లతో తడపడం) అయ్యాక గోడని అలాగే వదిలెయ్యి. పూర్తిగా ఆరకుండా రంగు వేస్తే మళ్లీ పొంగుతుంది. ఈ ఎండల్లో ఆరినట్టు ఇంకెప్పుడూ ఆరదు, అందుకే నువ్వొచ్చేదాకా ఆగొద్దంటున్నాను. మేస్త్రీని నేను పంపిస్తాను. పని జరుగుతున్నప్పుడు ఫోటోలు తీయించి, బిల్లులు దాచు. కొనేవాళ్లు అడక్కముందే నువ్వే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి "ఇక్కడ కారేది, ఇలా బాగు చేయించాం" అని చూపించు. నేను చూపించిన ఇళ్లల్లో, లోపం ముందే చెప్పినప్పుడు బేరం చెడిపోవడం నేను చూడలేదు. గుమ్మాలకి చెద పట్టిందేమో కూడా వేలి కణుపుతో కొట్టి చూడమను, డొల్ల శబ్దం వస్తే మందు కొట్టించాలి.

నీ రెండు వారాల లెక్క మార్చుకో. ఆషాఢంలో ఎవడూ కొత్త ఇంటి మాట ఎత్తడు. గోడలో ఇంకా మిగిలిన తడి ఆరడానికీ కాగితాలకీ ఆ నెల వాడుకో, శ్రావణం రాగానే చూపించు. వానల్లో ఇల్లు చూపించడమేంటి అనకు. వాన పడుతుంటే శ్లాబు కారకుండా ఉండటం కళ్లారా చూసిన మనిషికి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల సంగతి. ఇంటి పన్ను ఇంకా మీ నాన్న పేరునే వస్తోందా? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి కార్పొరేషన్‌లో పేరు మార్పించు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం, 1983 తర్వాతి రిజిస్ట్రేషన్లకి ఆన్‌లైన్‌లోనే వస్తుంది, తీసి పెట్టుకో. లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం పాత దస్తావేజులు), ప్లాను అప్రూవల్, పన్ను రసీదులు, కరెంటు బిల్లు అన్నీ జిరాక్సులు తీయించి ఓ ఫైలు చెయ్యి. లోను మీద కొనేవాడికి బ్యాంకు అడిగేవి ఇవే. ఒరిజినల్స్ ఆ ఇంట్లో పెట్టకు, ఎవరి చేతికీ ఇవ్వకు. బయానా ఎంతైనా సరే బ్యాంకు ద్వారానే తీసుకో. 20,000 అంతకు పైన నగదుగా తీసుకుంటే అంతకంత జరిమానా పడే చట్టం ఉంది. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కింద నీకిచ్చే డబ్బులోంచి పట్టుకుని నీ పేరున పన్నుగా కడతాడు, ఖంగారు పడకు. పాత ఆస్తి కాబట్టి, అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లెక్కకి కొన్న ధర బదులు 1-4-2001 నాటి విలువ పనికొస్తుంది, ఆడిటరుని ముందే కలువు.

ధర గురించి ఒక్క మాట. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చేవాళ్లే నిజంగా కొనేవాళ్లు. ఆ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్లు నిజంగా ఎంతకి పోయాయో కనుక్కుని, దానికి కాస్త పైన పెట్టు. మరీ ఎక్కువ చెప్పి తర్వాత దింపుకుంటూ వస్తే "ఏదో ఉంది" అంటారు. నీ జ్ఞాపకాలకి వాళ్లు ధర కట్టరమ్మా, ఆ ఆశ పెట్టుకోకు.

వాస్తు కోసం ఏ గోడా కొట్టించొద్దు. కొనేవాడు తన సిద్ధాంతిని తెచ్చుకుంటాడు, ఆయన మాట వేరేగా ఉంటుంది. తూర్పు ముఖం, రోడ్డు ఎన్ని అడుగులు, ఎన్ని గజాలు, బోరు ఉందా అన్నవి ప్రకటనలో మొదటి వరుసలోనే రాయించు. ఫోటోలు పొద్దున పూట కిటికీలన్నీ తీసి తీయించు.

హాల్లో అమ్మా నాన్నల ఫోటోలు దండలతో ఉన్నాయి. అవి తియ్యాలి తల్లీ. చూడ్డానికి వచ్చినవాళ్లు వాటి ముందు మాట తగ్గించి, తొందరగా బయటపడతారు, ఎన్నోసార్లు చూశాను. నువ్వు తియ్యలేవని తెలుసు. నేనొచ్చి తీస్తాను, అమ్మ ఫోటో నా దగ్గర ఉంచుకుంటాను, నీకు కావాలంటే ఇస్తాను. రుబ్బురోలు కూడా పాతసామాన్లకి వెయ్యకు. 1991 పుష్కరాలకి, మీ గృహప్రవేశం అయిన ఏడే, ఊళ్లో చుట్టాలంతా ఆ ఇంట్లోనే దిగారు. హాలు నిండా చాపలు, పెరట్లో మీ అమ్మ తెల్లవారుజామునే లేచి ఆ రోట్లో పచ్చడి రుబ్బుతూ, గోదావరికి వెళ్లేవాళ్లని ఒక్కొక్కళ్లనీ లేపేది. విసుక్కోవడం నేను చూడలేదు. పెరట్లో కరివేపాకు చెట్టుని కొట్టించకు, తులసికి నీళ్లు పోయించు. పచ్చగా ఉన్న పెరడు చూస్తే వచ్చిన ఆడవాళ్లు నిలబడిపోతారు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. చీకటి పడ్డాక ఎవరికీ ఇల్లు చూపించొద్దు. బ్రోకరు ఎంత తెలిసినవాడైనా సరే, ఒక్కదానివీ లోపలికి వెళ్లొద్దు. నేను ఉంటాను, లేదంటే మావయ్య ఉంటాడు. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. కమీషన్ ఎంతో ముందే తేల్చుకో.

పక్కింటావిడకి ఈరోజే ఫోను చేసి ఆ గోడ ఫోటో, బాత్రూము వైపు నుంచి ఒకటి, గది వైపు నుంచి ఒకటి, తీయించి పంపించు. మేస్త్రీ చూసి ఎన్ని రోజులు పడుతుందో చెబుతాడు. దాన్ని బట్టి నీ టికెట్టు మార్చుకుందువు గాని.

మీ పెద్దమ్మ