రోయింగ్ మెషీన్ మీద 2 కిలోమీటర్లు 8:12 దగ్గరే ఆగిపోయిందా? మొదటి 500 చూడండి

అన్నా, 2 కిలోమీటర్ల టైమ్ 8:12 కంటే ఎందుకు తగ్గట్లేదని అడిగారు కదా, మీరు పెట్టిన అంకెల్లోనే జవాబుంది. ఒక్కో 500 మీటర్లకి పట్టిన టైమ్, అంటే స్ప్లిట్: 1:52, 2:04, 2:09, 2:07. మీకు దమ్ము తక్కువై కాదు, మొదటి 500 మీటర్లలోనే ఖర్చు పెట్టేశారు. రోయింగ్ మెషీన్ మీద వేగం కొంచెం పెరిగితే శక్తి దాని ఘనం లెక్కన పెరుగుతుంది. 2:03 స్ప్లిట్‌కి 188 వాట్లు చాలు, 1:52కి దాదాపు 250 కావాలి. ఆ అప్పు మూడో 500లో వడ్డీతో సహా కట్టారు.

ఈసారి 2:03తో మొదలుపెట్టి, మధ్య రెండింటినీ 2:02లో పట్టుకోండి. చివరి 500 మీ ఇష్టం. 1:58 వచ్చినా 8:05 అవుతుంది. మొదటి నిమిషం మరీ తేలిగ్గా అనిపిస్తుంది, చెయ్యి దురద పెడుతుంది. ఆగండి.

ఇంకోటి, డ్యాంపర్ (ఫ్యాన్‌లోకి వెళ్లే గాలిని మార్చే లివర్) 10 మీద పెట్టకండి. అది గేరు లాంటిది, కష్టానికి కొలత కాదు. మీది కాన్సెప్ట్2 కంపెనీ మెషీన్ అయితే మానిటర్‌లో మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి డ్రాగ్ ఫ్యాక్టర్ (ఫ్యాన్‌కి గాలి ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె) చూసి 120 దగ్గర ఉంచండి. దుమ్ము పట్టిన జిమ్ మెషీన్‌లో అదే 10 వేరే అంకె చూపిస్తుంది. నేనూ ఏడాది పాటు 10 మీదే లాగి నడుము పట్టేయించుకున్నవాణ్ణే.

లాగేటప్పుడు ముందు కాళ్లు, తర్వాత నడుము, చివర్లో చేతులు. వారంలో రెండు రోజులు మాట్లాడగలిగే వేగంతో 40 నిమిషాలు, ఒక రోజు 500 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. ఆరు వారాలయ్యాక మళ్లీ టెస్ట్ చేసి, నాలుగు స్ప్లిట్లూ ఇక్కడే పెట్టండి.